కోటుకు సరిపోయిన తాతయ్య

కుట్టుకొట్టు నుంచి,
సోమవారం

మా ఇంటి గడుగ్గాయికి తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మంత్రాల బడిలో నువ్వు కడుపునిండా తింటూ, కాస్తో కూస్తో చదువుతున్నావని తలుస్తాను.

సెలవులు అయిపోయి వెళ్తూ వెళ్తూ, వదులైపోయిన నా పాత కోటు ఒంటికి అతికినట్టు ఉండాలని నువ్వు వేసిన మంత్రం అమోఘం తల్లీ! ఊరందరికీ బట్టలు కుట్టిన వాణ్ణి, నాకు మాత్రం ఒక్క కోటూ ఇంత చక్కగా కుదరలేదు. నిన్న దాని మీద టీ ఒలకబోసుకున్నానని మీ నాయనమ్మ సలసల కాగే నీళ్ళలో ముంచి బాదింది. ముడుచుకుపోయి ఉంటుందని గుండె గుభేలుమంది. తొడిగి చూద్దును కదా, కొలిచి కుట్టినట్టు సరిపోయింది!

ఒక్కటే చిరాకు. వడ్రంగి బాగుచేసి ఇచ్చిన కత్తిరింపు బల్ల నా గడ్డం దాకా వస్తోంది. పొడుగు కాళ్ళు పెట్టాడు వెధవ. అడిగితే, మార్చింది ఒక్క కాలే, మిగతా మూడూ నీ పాతవేగా అని బుకాయిస్తున్నాడు. వాడి సంగతి చూస్తాను.

(బొమ్మ: బల్ల వెనక కనిపిస్తున్న కళ్ళజోడు నాదే.)

మీ తాతయ్య


కుట్టుకొట్టు నుంచి,
గురువారం

గడుగ్గాయికి తాతయ్య దీవెనలు.

నీ జవాబు చదివి కుర్చీలో కూలబడ్డాను. కూలబడ్డాననకూడదులే, పాకి ఎక్కి కూర్చున్నాను. మంత్రం చదివేటప్పుడు కోటు మీద పెట్టాల్సిన చెయ్యి నా భుజం మీద పెట్టావా! అదన్నమాట సంగతి. కోటు నాకు సరిపోవడం లేదు, నేనే కోటుకు సరిపోతున్నాను. విప్పి కొక్కేనికి తగిలించినా లాభం లేదు, అదెంత ఉంటే నేనూ అంతే. మంత్రం తీయాలంటే వేసిన చెయ్యే నన్ను తాకాలంటావు. పరీక్షలయ్యేదాకా మీ పెద్దపంతులమ్మ నిన్ను గేటు దాటనివ్వదంటావు. బాగుంది వరస!

కోటు తడపొద్దని రాశావు. ఎవరికి చెప్పమంటావు? మీ నాయనమ్మకు ఉతుకు పిచ్చి. మంత్రం సంగతి చెబితే, వయసు మీద పడ్డాక ఎవరైనా కాస్త కుంగుతారులెండి అని కొట్టిపారేసింది. కోటు బీరువా పైన దాద్దామంటే నాకు అందలేదు. బీరువా కింద దాస్తే దుమ్ము పట్టిందని మళ్ళీ ఉతికేసింది.

పొద్దున బ్యాంకాయన ప్యాంటు కొలతలివ్వడానికి వచ్చాడు. మోకాలి దాకా తీశాను, ఆ పైన అందలేదు. ఆయన నా తల నిమిరి, మీ తాతగారు ఇంట్లో లేరా బాబూ అని అడిగాడు. లేరండీ అని చెప్పి పంపేశాను. ఇంకేం చెయ్యను తల్లీ? నవ్వూ వస్తోంది, భయమూ వేస్తోంది. ఇంకో రెండుసార్లు ఉతికితే నేనేమైపోతాను?

(బొమ్మ: కొలతల టేపు నన్ను చుట్టేసింది. బయటపడటానికి ఆపసోపాలు పడ్డాను.)

మీ తాతయ్య


కుట్టుకొట్టు నుంచి,
ఆదివారం

గడుగ్గాయికి తాతయ్య ఆశీస్సులు. నేను కులాసా. కంగారుపడి పరీక్షలు పాడుచేసుకోకు.

మొన్న మీ నాయనమ్మకు ఎట్టకేలకు నమ్మకం కుదిరింది. కుదిరి ఏం లాభం? ఇంకో రెండు ఉతుకులయ్యాక నేను దారపుకండె మీద కూర్చుని ఉండటం చూసి కెవ్వుమంది. చేతిలో ఉన్న వేణ్ణీళ్ళ చెంబు జారి, పక్కనే ఆరేసిన కోటు మీద పడింది. అయినా ఆవిడనేమీ అనకు. మొద్దు మనిషి, ప్రేమ చూపించాలంటే ఉతకడం తప్ప ఇంకోటి తెలియదు.

పిల్లి మాత్రం నా వంక అదోలా చూస్తోంది. ఇన్నాళ్ళూ పాలు పోసి పెంచిన వాణ్ణన్న విశ్వాసం లేదు దానికి. బయటికి గెంటించాను.

ఈ ఉత్తరంతో పాటు చిన్న పెట్టె పంపుతున్నాను. అందులో కోటు ఉంది. అందగానే నీ చెయ్యి వేసి ఆ మంత్రమేదో తీసెయ్యి. ఉంటాను.

మీ తాతయ్య

తా.క.: నేను నాయనమ్మను. దస్తూరీ చూసి కనిపెట్టే ఉంటావు, పై ఉత్తరం కూడా నేనే రాశాను. కొట్టు నుంచి కాదు, మీ బడి గేటు బయట బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఉత్తరాలు, పొట్లాలు తప్ప మనుషులను లోపలికి పంపనన్నాడు కాపలా అతను. కాళ్ళావేళ్ళా పడ్డాను, వినలేదు. పెట్టెలో కోటు ఉన్న మాట నిజమే, కానీ అది మీ తాతయ్య ఒంటి మీదే ఉంది. పెట్టె కుదపకు, మెల్లగా తెరువు. నిన్నటి నుంచి ఆయన గొంతు నాకు వినపడటం లేదే. పెదవులు ఆడుతున్నాయి, అంతే. నువ్వు హడలిపోతావని, ఆయనైతే ఎలా రాసేవారో అలా రాశాను. ఇన్నేళ్ళుగా ఆయన సణుగుడు వింటున్నదాన్ని, ఆమాత్రం రాదా? ఆ కోటు నాకొద్దు. నా మనిషిని నాకు తీసుకురా తల్లీ, నేనిక్కడే కూర్చుని ఉంటాను.