చక్రాలకు పసుపు పెట్టకు

జ్యోతీ,

నేను ఎల్బీనగర్ పోతున్న, ఒచ్చేసరికి పొద్దుగూకుతది. నాలుగింటికి చైతన్యపురి గోపయ్య మామ తన నలభై ఏండ్ల బొమ్మ రైలింజన్ కోసం ఒస్తడు. నువ్వే నడిపి చూపియ్యాలె. పట్టాల మీద పెట్టి మీట మెల్లగ తిప్పు, చెప్పినట్టు ఇంటది, నీ లెక్క గాదు. మామ రెండుసార్లు ఒచ్చి ఉత్తగనే పోయిండు. ఇయ్యాల గూడ కదలకపోతే పాతసామాన్ల బండికి ఏస్తనన్నడు.

కదులుతది, పూచీ నాది. దసరాకు ముందే బాగైన ఇంజన్ పండుగైనంక ఎందుకాగిందా అని మూడు దినాలు మోటారు విప్పి దాన్నే తిట్టిన. తీరా చూస్తే ఆయుధపూజకు నువ్వు చక్రాలకు దిట్టంగ రాసిన పసుపు! పట్టాల కరెంటు ఆ చక్రాల నుంచే ఎక్కాలె తల్లీ. నీ పూజ మంగళకరమే గాని, రైలుకు మంగళం పాడింది.

స్పిరిట్‌తోని తుడిచిన, పొద్దుగాల పది చుట్లు కొట్టింది. ఇయ్యాల శుక్రవారం, నీ చెయ్యి ఊకోదు. బొట్టు పెడితే ఇంజన్ కప్పు మీద పెట్టు, చక్రాల జోలికి పోకు. మామ చాయ్‌ల చక్కెర ఎయ్యకు. ఆయనకు చక్కెర, ఇంజన్‌కు పసుపు పడయి.

ఇంకో మాట: పసుపు రాసింది నేనే అని మామకు చెప్పిన. నీ ముంగటనే నీ మొగుణ్ణి తిడతడు, నవ్వకుండ ఇను.