పసుపు రాసిన లారీ

ఫణీంద్ర గారికి నమస్కారం.

రాజమండ్రిలో మీరు పెడుతున్న చిన్న మోడళ్ల పోటీకి నా కొబ్బరికాయల లారీని రేపు పంపిస్తున్నానండి. ముందు పంపిన ఫొటోకీ దీనికీ చిన్న తేడా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ఫొటో తీశాక ముందువైపు పేరు స్టిక్కర్ మార్చాను. అద్దం పైన మా కొబ్బరి కొట్టు పేరు అంటించి, ఆరబెట్టి బజారుకి వెళ్లాను. అది నీళ్లలో నానబెట్టి అంటించే రకం. తిరిగొచ్చేసరికి పేరు జారి అద్దం మధ్యలో వాలిపోయి ఉంది. దాని పక్కనే తడి పసుపు, కుంకుమ బొట్టు!

"కొత్త బండికి పసుపు రాయకుండా ఎలా ఉంచుతామే?" అన్నారు మా అత్తయ్యగారు. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయ కూడా తెచ్చారుగానీ, అది లారీ కంటే ఎత్తుగా ఉంది.

గోటితో గీకితే పేరు చిరిగిపోయేది. తడి దూది దాని మీద వేసి, మెత్తబడేదాకా ఆగి, కుంచెతో మెల్లగా పైకి జరిపాను. ఇప్పుడు తిన్నగా ఉందండి. పసుపు మాత్రం అలాగే ఉంచేశాను.

మరక ఉందని మార్కులు తీసేస్తే తీసేయండి, దాన్ని మాత్రం ఎవరినీ తుడవనివ్వకండి. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ నా మోడళ్లని "ఆ ప్లాస్టిక్ చెత్త" అనేవారావిడ. ఇవాళ పొద్దున్న కాఫీ ఇస్తూ, "మన బండి రాజమండ్రికి ఎప్పుడు బయల్దేరుతుంది?" అని అడిగారు.

ఉంటానండి.