పెద్దదొర గంట మెల్లగా మోగిన రోజు

ఇందుమూలముగా యావన్మంది కుటుంబ సభ్యులకు, అనగా ప్రస్తుతం పుట్టింట్లో ఉన్న నీ ఒక్కదానికి, తెలియజేయడమేమనగా: నువ్వు ప్రయాణమయ్యే రోజున గదంతా తిరగేసి, దొరక్క, నన్ను అనుమానంగా చూశావే, ఆ ఇత్తడి గరిటె దొరికినది. దానిని దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. నా పాత కోటు జేబులో ఉన్నది. అది అక్కడికి ఎలా చేరిందన్న విషయమై విచారణ జరిపి, ముద్దాయినీ న్యాయమూర్తినీ నేనే అయినందున కేసు కొట్టివేయడమైనది. గరిటెను మేకుకు తగిలించడమైనది. యావన్మందీ గమనించవలెను.

సౌభాగ్యవతి అయిన నా ఇల్లాలికి నీ మొగుడు దీవించి రాయునది. ఇక్కడ నేను కులాసా. ఎప్పుడూ ఈ చోట 'మేమందరం కులాసా' అని రాసేవాణ్ణి. ఈసారి 'అందరం' దగ్గర కలం ఆగిపోయింది. ఎందుకో కింద రాస్తాను.

ముందు నీ ప్రశ్నలు. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందనీ, మంచం మీద కూర్చుని నన్ను తిడుతోందనీ రాశావు. చాలా సంతోషం. నన్ను తిట్టే ఓపిక వచ్చిందంటే నొప్పి పూర్తిగా పోయినట్టే. మన గది కప్పు ఇంకా కారుతోంది. కింద బకెట్టు పెట్టాను, బకెట్టు కూడా కారుతోంది. ఒట్టు నిలబెట్టుకుంటున్నావా అని అడిగావు. నువ్వు తిరిగొచ్చేదాకా ఈ మేడలో ఎవరి మీదా ఒక్క చిలిపి పని కూడా చెయ్యనని నీ తల మీద చెయ్యి పెట్టించావు కదా, ఆ ఒట్టు. దానికి జవాబు ఉత్తరం చివర్లో ఉంది. కాగితం తిరగేసి ముందే చదివావో, నా మీద ఒట్టు.

ఇక ఈ మేడ వంటవాడు, మీ తమ్ముడు. సన్నబడ్డాడా అని అడిగావు. సన్నబడ్డాడు. మంచినీళ్ళు పక్కన పెట్టుకుని కూర్చో. చివరిదాకా చదవకుండా ఏడుపు మొదలుపెట్టకు.

మన పెద్దదొర పోయారు. ఎవరో చంపారు. చంపింది మీ తమ్ముడని వాణ్ణి బొగ్గుల గదిలో పెట్టి తాళం వేశారు.

పెద్దదొర ముసలితనంలో మళ్ళీ పెళ్ళికి సిద్ధపడి, పెళ్ళికొడుకు సోకు కోసం పట్నం నుంచి కట్టుడు పళ్ళు తెప్పించుకున్న సంగతి నీకు తెలుసు. నువ్వు వెళ్ళాక వాటితో పాటు ఒక కొత్త చట్టం కూడా వచ్చింది. భోజనమయ్యాక ఆయన పళ్ళు తీసి కునుకు తీసే వేళలో నౌకర్లెవ్వరూ గదిలోకి రాకూడదు. ఆ బోసి నోరు చూసినవాడికి ఆ రోజే ఉద్యోగం ఊడినట్టు. లేచాక ఆయన తాడు లాగుతారు, కింద గంటల వసారాలో ఆయన పేరున్న గంట మోగుతుంది, మీ తమ్ముడు పాలు తీసుకెళ్ళి తలుపు బయట ముక్కాలి పీట మీద పెట్టి, మెట్లు దిగి వచ్చేస్తాడు. వీడి అడుగుల చప్పుడు దూరమయ్యాక ఆయనే తలుపు తీసి కప్పు లోపలికి పట్టుకెళతారు.

ఆ రోజు కూడా గంట మోగింది, పాలు వెళ్ళాయి. సాయంత్రం దీపం వెలిగించడానికి వెళ్ళిన పనిమనిషి ఎంత పిలిచినా పలుకు లేదు. తలుపు తోస్తే పెద్దదొర కుర్చీలో ఒరిగిపోయి ఉన్నారు. పక్కన ఖాళీ కప్పు, అడుగున నల్లమందు మడ్డి. డాక్టరు వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. లోపలికి ఎవరూ వెళ్ళరు, పాలు ముట్టింది వంటవాడొక్కడే. పైగా ముందు రోజు ఉప్పెక్కువైందని పెద్దదొర అందరి ముందూ గిన్నె విసిరికొడితే, "ఈ ముసలాయన పోతే గానీ నాకు సుఖం లేదు" అని మీవాడు గొణిగాడు. గొణిగినా మీ ఇంటి గొంతు కదా, మేడంతా వినిపించింది. ఇన్‌స్పెక్టరుకు ఇంకేం కావాలి?

బొగ్గుల గది తలుపు సందులోంచి మాట్లాడాను.

"బావా, అక్కకి రాయకు."

"రాయనురా."

"ఒట్టు?"

"నా ఒట్లకి ఈ మేడలో అణా విలువ లేదు గానీ, తిన్నావా?"

"ఏం తింటాను? నేను లేకపోతే ఆ పొయ్యి దగ్గర ఎవరు ఏం వండుతున్నారో! బావా, నిజం చెప్పు, నన్ను ఉరితీస్తారా?"

నా నోటికి ఏ మాటకైనా వెటకారం సిద్ధంగా ఉంటుందని నువ్వంటావు. ఆ పూట ఒక్కటీ రాలేదు. తలుపుకి చెయ్యి ఆనించాను. అవతల వాడు కూడా చెయ్యి ఆనించాడనుకుంటాను, తలుపు కొంచెం కదిలింది.

ఇప్పుడు నా భయం సంగతి. ఆ గంట మోగినప్పుడు నేను దాని కిందే కూర్చుని తాళాలకు నూనె పెడుతున్నాను. పెద్దదొర తాడు లాగితే ఎలా ఉంటుందో నీకు తెలియనిదా? బావిలో పడ్డ దూడని పైకి లాగుతున్నట్టు లాగుతారు, గంట ఊడి నెత్తిన పడుతుందేమోనని నేను పక్కకు జరుగుతాను. ఆ రోజు మెల్లగా, మర్యాదగా మోగింది. ఆ చెయ్యి పెద్దదొరది కాదు. ఎవరో ఆ గదిలో ఉండి పాలు తెప్పించారు, వాళ్ళే కలిపి తాగించారు. ఈ మాట ఇన్‌స్పెక్టరుకు చెబితే, "గంట మర్యాదగా మోగిందని వంటవాణ్ణి వదిలెయ్యమంటావా?" అని నవ్వాడు. అతని చోట నేనున్నా నవ్వేవాణ్ణి.

మర్నాడు చిన్నదొర గంటల వసారాకి వచ్చారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అటువైపు రావడం నేను చూడలేదు. అన్నగారు పోయిన వేళ తాను గుర్రమెక్కి ఊరి బయట తిరుగుతున్నానని అందరికీ చెప్పిన మనిషి. ఎంత మెత్తటి మనిషో నీకు తెలుసు, నౌకర్లని కూడా 'నాయనా' అంటారు. గంటల కింద నిలబడి తలెత్తి చూస్తూ అడిగారు.

"నాయనా, ఆ రోజు ఇక్కడే కూర్చున్నావట. ఏం విన్నావు?"

"గంట విన్నానండీ."

"గంటే కదా?"

"గంటేనండీ."

"పాపం, బావమరిది కదూ. నీరసంగా ఉన్నావు. టీ పంపిస్తాను, తాగు."

టీ రానే వచ్చింది. ఆ టీ కప్పు ముందు కూర్చుని, ఏమేవ్, లెక్క వేశాను. బోసి నోటితో కనబడడానికి పెద్దదొర సిగ్గుపడనిది ఎవరి ముందు? చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకున్న తమ్ముడి ముందే. ఆ ముసలాయనకి పెళ్ళయి పిల్లవాడు పుడితే ఈ మేడ రాకుండా పోయేది ఎవరికి? చిన్నదొరకే. టీ మామూలు టీయే అయి ఉండవచ్చు. తాగి తెలుసుకునే ధైర్యం నాకు లేకపోయింది. చెయ్యి తగిలినట్టు ఒలకబోశాను. ఎదురుగా వరండాలో చిన్నదొర నిలబడి, నేల మీద పారుతున్న టీనే చూస్తున్నారు. చిరునవ్వు నవ్వారు. అప్పటినుంచి నేను వండుకున్నది తప్ప ఏదీ తినలేదు. నా వంట నేనే తిన్నానంటే నా భయం నీకు అర్థమవ్వాలి.

మరునాడు మీ తమ్ముణ్ణి బేడీలు వేసి పట్నం తీసుకెళ్ళడానికి బండి వచ్చింది. హాల్లో అందర్నీ నిలబెట్టి ఇన్‌స్పెక్టరు చివరిసారి అడిగాడు, ఎవరైనా ఏమైనా చెప్పాలా అని. మీవాడు నా వైపు చూశాడు. నా నోరు ఎప్పటిలాగే నా మాట వినలేదు.

"అయ్యా, తప్పు నాది. ఆ రోజు పొద్దున నేను గంటల తీగలు మార్చేశాను. పెద్దదొర గది తీగ చిన్నదొర గంటకి, చిన్నదొర గది తీగ పెద్దదొర గంటకి. మా మీసాలాయన్ని అటూ ఇటూ పరిగెత్తించి నవ్వుకుందామని. ప్రాణం పోయేసరికి భయమేసి మళ్ళీ సర్దేశాను."

మన పెద్ద నౌకరు మీసాలాయన ఎగిరిపడ్డాడు. "చేసే ఉంటాడండీ! నా పొడుం డబ్బాలో మిరప్పొడి పోసిన వెధవ వీడు! పోయినేడు నా చెప్పులు నేలకి మేకులేసి కొట్టాడు!" పనిమనిషి కూడా తలూపింది. నా గురించి ఇంతమంది ఒకే మాట మీద నిలబడడం అదే మొదలు.

ఇన్‌స్పెక్టరు చిన్నదొర వైపు తిరిగాడు. "అయితే పాలు తెమ్మని మోగిన గంట మీ గదిలోంచి లాగినదన్నమాట."

"నేను గదిలో లేను. గుర్రం మీద ఉన్నానని చెప్పాను కదా."

"మరి ఎవరు లాగారు?"

"ఎవరూ లాగలేదు!"

నేను చేతులు కట్టుకుని వినయంగా అన్నాను. "గుర్రం లాగిందేమోనండీ. తెలివైన గుర్రం."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నదొరని చూసి నౌకర్లు నవ్వడం అదే మొదటిసారి. ఆ మెత్తటి మొహం ఎర్రబడిపోయింది.

"వీడు అబద్ధాలకోరు! నా గదిలో తాడు ఎవరూ ముట్టుకోలేదు. అన్నయ్య గదిలోనే, అన్నయ్య పక్కనే నిలబడి నేను లాగిన..."

అక్కడ ఆగిపోయారు. ఇన్‌స్పెక్టరు చాలా నెమ్మదిగా, "గుర్రం ఎక్కడ కట్టేశారు?" అని అడిగాడు. ఆ తర్వాత చిన్నదొర సవారీ బూటులో నల్లమందు డబ్బీ దొరికింది. మీ తమ్ముడి తాళం తీశారు. వాడు బయటికి రాగానే పరుగున పొయ్యి దగ్గరికే వెళ్ళాడు, గిన్నెలు చూసి అందర్నీ తిట్టాడు. ఇప్పుడు మన గదిలో నా దుప్పటి కూడా లాక్కుని పడుకున్నాడు. గురకకి లోటు లేదు. ఇక ఏడవాలనుకుంటే ఏడువు.

నేను మాత్రం తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి రాస్తున్నాను. చిన్నదొరని బండి ఎక్కించేటప్పుడు ఆయన నా పక్కన క్షణం ఆగి, ఎప్పటి మెత్తటి గొంతుతోనే, చెవిలో ఒక మాట అన్నారు. "నాయనా, నువ్వు తీగలు మార్చలేదు కదూ?"

నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు నీకు చెబుతున్నాను, నువ్వు అడిగిన ప్రశ్నకి కూడా ఇదే జవాబు. తీగలు నేను ముట్టుకోలేదే. ఆ మాట మొత్తం, మొదటి నుంచి చివరిదాకా, నేను అక్కడికక్కడ పుట్టించిందే. నీ తల మీద పెట్టిన ఒట్టు నిలబెట్టుకున్నాను, నిలబెట్టుకోలేదని అందరూ నమ్మబట్టి మీ తమ్ముడు బతికాడు. ఈ సంగతి తెలిసింది ఆయనకీ నాకూ, ఇప్పుడు నీకూ. రేపు కోర్టులో ప్రమాణం చేయించి తీగల గురించి అడిగితే ఏం చెప్పమంటావు? తొందరగా రా. వచ్చి ఏం చెప్పాలో నువ్వే చెప్పు. ఇది చదివాక పొయ్యిలో వెయ్యి, మీ అమ్మకి చూపించకు.

ఇట్లు,
జన్మలో మొదటిసారి ఒట్టు తప్పని,
నీ మొగుడు.