ఎనిమిదో పుస్తకంలో పెళ్ళి

పెదనాన్నా,

నువ్వు వెళ్ళిపోయి పదకొండు నెలలైంది. ఎలా ఉన్నావని అడగను... అడిగినా నువ్వు చెప్పే రకం కాదు.

ఇంట్లో అందరూ నేను ఎవరినో ప్రేమించాననుకుంటున్నారు. మేడ మీద నీ గదిలో తలుపేసుకుని కూర్చుంటున్నాను కదా, కాసేపు నవ్వు వినిపిస్తుందట, కాసేపు ఏడుపు. అమ్మ దృష్టిలో దీనికి ఒక్కటే కారణం ఉంటుంది. నా ఫోన్ రెండుసార్లు వెతికింది. పిఠాపురం అత్తయ్య నా పేరు మీద కుంకుమపూజ కూడా చేయించింది. కాకినాడలో బ్యాంకు ఉద్యోగం ఐదు నెలలకే మానేసి వచ్చినప్పుడు మొదలైన అనుమానం వాళ్ళకిప్పుడు రూఢి అయిపోయింది.

చదువుతున్నది నీ బొమ్మల పుస్తకాలని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల బొమ్మల పుస్తకాలు చూసి ఏడవడం కంటే ఎవడో ఒకడు ఉండటమే వాళ్ళకి నయంగా తోచింది.

నువ్వుంటే నమ్మేవాడివి.

ఇంకో సంగతి. వచ్చే నెల నీ సంవత్సరీకం. ఆ రోజు నీ రేకు పెట్టెలో కాగితాలన్నీ గోదావరిలో కలిపేస్తానంటున్నారు నాన్న. నీ చేతిరాత ఉన్న కాగితం పకోడీల పొట్లం కాకూడదని ఆయన బాధ. కోపం తెచ్చుకోకు, ఆయనకి ఆ పెట్టె తెరిచే ధైర్యం లేదు... మూత మీద చెయ్యి వేసి, దుమ్ము తుడిచి, కిందకి వెళ్ళిపోయారు.

తెరిచింది నేనే.

పైన ఉల్కావీరుడి పుస్తకాలు. అడుగున, అచ్చుకి ముందు తయారైన అసలు పేజీలు. రాజమండ్రిలో నువ్వు పనిచేసిన ఆ చిన్న ప్రెస్సు మూతపడిన రోజు రిక్షాలో వేసుకొచ్చావట కదా. ఎక్కడో విదేశంలో గీసిన బొమ్మలు వచ్చేవి, మాటల బుడగలు ఖాళీగా. పక్కన ఇంగ్లీషులో టైపు చేసిన కాగితాలు. నువ్వు తెలుగు చేస్తే, సత్యవతిగారు వాటిని ఆ బుడగల్లో నల్లసిరాతో రాసేవారు. రోజూ సామర్లకోట నుంచి పాసింజరులో వచ్చి, సాయంత్రం మళ్ళీ పాసింజరులో వెళ్ళేవారు. "ఆవిడ 'ళ' చూడవే, ఎక్కడా చెయ్యి ఎత్తలేదు" అని భూతద్దం ఇచ్చి మరీ చూపించేవాడివి నాకు.

ఇప్పుడు వరుసగా చదువుతుంటే ఎంత విడ్డూరమైన కథలివి! ఎగిరే శక్తి పోయిన ఉల్కావీరుడు, వాన ఆగని ఊళ్ళో గొడుగులు బాగుచేసుకుంటూ మూడు పుస్తకాలు బతికాడు. ఆ తర్వాతి పుస్తకంలో మళ్ళీ ఎగురుతున్నాడు, గొడుగుల సంగతి ఎవరికీ గుర్తులేదు. ఒకడు ఊరందరి పేర్లూ దొంగిలించి సీసాల్లో బిరడా వేసి దాస్తాడు. ఆ సీసాలు ఏమయ్యాయి పెదనాన్నా? తర్వాత ఎక్కడా లేవు. వేరే గ్రహం రాజు ఏదో నములుతుంటే నువ్వు పూతరేకులని రాసేశావు. ఎందుకని అడిగితే, "కాగితంలా మడతలున్నాయి, మనవాళ్ళు ఇంకేమనుకుంటారే?" అన్నావు. ఆత్రేయపురం నుంచి తెప్పించారని కూడా రాశావు కదా!

నీ అసలు తప్పు మాత్రం తటిల్లత.

ఉల్కావీరుడి పక్కన ఎగురుతూ, దొంగల్ని పట్టే అమ్మాయి. ఇంగ్లీషులో వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో ఎక్కడా లేదు. నువ్వేమో మొదటి పుస్తకంలోనే ఆమె చేత "అన్నయ్యా" అనిపించేశావు. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పేవాడివో... "పెళ్ళికాని పిల్ల పరాయి మగాడితో ఊళ్ళమ్మట ఎగురుతుంటే చదివేవాళ్ళ ఇళ్ళల్లో ఊరుకుంటారా? వరస కలిపేశాను. అందరికీ నిద్ర పట్టింది."

ఏడు పుస్తకాలు అన్నాచెల్లెళ్ళుగా తిరిగారు. ఎనిమిదో పుస్తకం బొమ్మలు వచ్చాయి. అందులో ఇద్దరికీ పెళ్ళి!

"ముద్దు మీద పొగ వేయించాను. పెళ్ళంతా విలన్ పెట్టిన మాయ అని రాసేశాను" అని నువ్వు చెబుతుంటే పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. పన్నెండో పుస్తకంలో వాళ్ళకి కొడుకు పుడితే, ఉల్కలో దొరికిన పిల్లాడన్నావు. అన్నాచెల్లెళ్ళు కలిసి పిల్లాణ్ణి పెంచుకున్న కథ ఈ లోకంలో తెలుగువాళ్ళు తప్ప ఎవరూ చదివి ఉండరు. అప్పుడే మార్చేయొచ్చుగా అంటే, "ఒకసారి వరస పెట్టాక మార్చకూడదమ్మా" అనేవాడివి. అది కూడా నవ్వుతూనే.

నవ్వుతూనేనా?

పోయిన వారం ఆ పెళ్ళి పేజీ తీశాను. చివరి బొమ్మలో ఇద్దరూ మెట్లు దిగుతుంటారు. తటిల్లత బుడగలో "అన్నయ్యా, ఇదంతా కలా?" అని ఉంది. వేలు తగిలిందో లేదో, బుడగలో అతికించిన కాగితం ముక్క ఊడి నా ఒళ్ళో పడింది. గమ్ ఎండిపోయింది. కింద ఇంకో మాట ఉంది. అదీ సత్యవతిగారి చేతిరాతే.

"ఏమండీ, ఇంటికి వెళ్దామా?"

పక్కన మార్జిన్‌లో నీ ఎర్ర పెన్సిల్. "మార్చండి." ఒక్కటే మాట.

ఇంగ్లీషు కాగితం కూడా గుండుసూదితో అక్కడే ఉంది. చదివాను. ఆ బొమ్మలో ఎవరూ మాట్లాడరు పెదనాన్నా. అక్కడ అసలు బుడగే లేదు. చూస్తే తెలుస్తోంది, గీత తేడాగా ఉంది... ఆ బుడగ ఆవిడే గీశారు. తను గీసి, అందులో తను రాసి, నీ బల్ల మీద పెట్టారు.

నువ్వేమనుకున్నావు? పొరపాటున రాసిందనుకున్నావా? అర్థమైందా? అర్థమయ్యే ఎర్ర పెన్సిల్ తీశావా? ఆ "అన్నయ్యా" అన్న ముక్క కూడా ఆవిడ చేతే రాయించావు కదా... ఆ సాయంత్రం ఏ మొహంతో స్టేషన్‌కి వెళ్ళి ఉంటారో ఒక్కసారైనా ఆలోచించావా?

నీ పెద్దకర్మకి వచ్చారావిడ. నీకు తెలీదు కదా. నలుగురితో పాటు కూర్చుని భోజనం చేశారు. మనవరాలు ఇంజినీరింగ్ చదువుతోందని అమ్మతో చెప్పారు. వెళ్ళేముందు నాన్నని అడిగారు, వారి గది ఒకసారి చూడొచ్చా అని. మీ అన్నయ్యగారి గది అనలేదు, వారి గది అన్నారు. నాన్నని గురించి అమ్మ బయటివాళ్ళతో చెప్పేటప్పుడు అనే "వారు" అది. అప్పుడు నాకు పట్టలేదు. గుమ్మంలోనే నిలబడి చూశారు. లోపలికి రమ్మంటే, బండి టైమైపోతోందన్నారు.

నిన్ను తల్చుకుని ఏడుస్తున్నానని చెబితే అబద్ధమవుతుంది. సగం కోపంతో ఏడుస్తున్నాను. నాకు ఈత నేర్పించిన మనిషివి, అమ్మతో పోట్లాడి నన్ను హాస్టల్‌కి పంపిన మనిషివి. భయపడకే అని నాకు ఎన్నిసార్లు చెప్పావు! పెళ్ళే చేసుకోకుండా ఉండిపోయావే, నువ్వు ఎవరికి భయపడ్డావు? నాయనమ్మకా? ప్రెస్సులో వాళ్ళకా? నువ్వు పెట్టిన వరసకేనా?

చెప్పవు. చెప్పలేవు కూడా ఇక...

నీ కుర్చీ నవారు వదులైపోయింది. అందులో కూర్చునే రాస్తున్నాను.

ఈ పొద్దున నాన్నతో మాట్లాడాను. కాగితాలు రేవుకి రావని చెప్పాను. అన్నయ్యకి ఇష్టముండదేమో అన్నారాయన. ఉండదు. నాకూ తెలుసు.

బుధవారం సామర్లకోట వెళ్తున్నాను. ఆ పేజీ సత్యవతిగారి చేతిలో పెడతాను. ఊడిన ముక్క మళ్ళీ అతికించను. ఆవిడ దాచుకుంటారో, చింపేస్తారో, నన్ను తిట్టి పంపిస్తారో ఆవిడ ఇష్టం. మిగతావన్నీ నా దగ్గరే ఉంటాయి.

నిన్ను అడగడం లేదు. చెబుతున్నానంతే.

సుధ