కుడి సీటు

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కరించి రాస్తున్నది. నేను క్షేమమే. నీ మోకాలి నొప్పి తగ్గిందని, చెల్లి నిన్ను మరీ సతాయించడం లేదని తలుస్తాను.

నువ్వడిగినట్టే వేళకు తింటున్నాను. పరీక్ష ఎల్లుండి. రాసేది కాదు, నోటితో చెప్పేది. ఎగ్జామినర్ ఎదురుగా కూర్చుని పొద్దుటినుంచి సాయంత్రందాకా తోలు తీస్తాడు. విమానం నడపడం వచ్చా అని కాదు, నేర్పడం వచ్చా అని. బొమ్మ విమానం పట్టుకుని అద్దానికి పాఠం చెబుతుంటే హాస్టల్ వంటావిడ నాకు పిచ్చెక్కిందనుకుంది.

ఫోటోలో నా ఎడమ చేతికి కట్టేమిటని కూడా అడిగావు. తలుపు సందులో పడిందని చెల్లికి చెప్పింది అబద్ధం.

నాతో చదివేవాడొకడున్నాడు, గడకర్ర అంటాం. మంచివాడు. మొన్న సాధన కోసం ఇద్దరం ఎగిరాం. కుడి సీట్లో నేను టీచర్ని, ఎడమ సీట్లో అతను శిష్యుడు. పాఠం స్పిన్, అంటే విమానం ముక్కు నేలకేసి గిరగిరా తిరుగుతూ పడిపోవడం. మా దగ్గర ఒక పద్ధతుంది. టీచర్ "కంట్రోల్ నాది" అనగానే శిష్యుడు "కంట్రోల్ నీది" అని చేతులు తీసెయ్యాలి. స్పిన్ మొదలయ్యేసరికి గడకర్ర నిజంగానే బిగుసుకుపోయాడు. విమానాన్ని తిప్పే స్టిక్‌ను పొట్టకేసి లాగి పట్టాడు. అది వదిలితే గాని విమానం తేరుకోదు.

"కంట్రోల్ నాది! వదులు! వదలరా!" అని గొంతు చించుకున్నాను. వినలేదు. పొలాలు తిరుగుతూ మీదికొస్తున్నాయి. మోచేత్తో అతని ముక్కుమీద కొట్టాను. ఎముక విరిగింది. అయినా వదల్లేదు. మళ్ళీ కొట్టాను. నెత్తురు ముందు అద్దం నిండా చిమ్మింది, అతని చేతులు జారాయి. నేను విమానాన్ని నిలబెట్టేసరికి చెట్ల కొమ్మలు విడివిడిగా కనబడుతున్నాయి.

"నువ్వు కొట్టకపోతే ఇద్దరూ పోయేవాళ్ళు," అన్నాడు మాకు నేర్పే చీఫ్. పరీక్షలో కూడా ఇదే చెప్పమన్నాడు. అందరూ తెగ మెచ్చుకుంటున్నారు.

ఎవరికీ చెప్పని ముక్క ఒకటుంది. విమానం తిన్నగా ఎగురుతోంది, ప్రమాదం దాటిపోయింది. గడకర్ర రెండు చేతులూ పైకెత్తి, "కంట్రోల్ నీది, నీదే," అని ఏడుస్తున్నాడు. నేను అప్పుడు కొట్టాను. పిడికిలితో, పళ్ళమీద, మళ్ళీ మళ్ళీ. నా వేళ్ళు అప్పుడే చిట్లాయి. "ఇప్పుడొచ్చిందా బుద్ధి?" అని అరిచాను. అవి నాన్న మాటలమ్మా. కొడుతున్నంతసేపూ నాకు హాయిగా ఉంది.

అతను ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. "నువ్వు కొట్టబట్టే బతికాను," అంటాడు, ఊడిన పంటి సందు చూపించి. ఆ మాట వినబడితే నేను అక్కణ్ణుంచి లేచిపోతాను.

ఎల్లుండి ఎగ్జామినర్‌కు మొత్తం చెప్పేస్తాను. ఆ సీటు నాకు దక్కకపోతే పోనీ. ఎవరి బిడ్డనో నా పక్కన కూర్చోబెట్టుకోవడానికి నాకే భయంగా ఉంది.

ముందు నీకే రాశాను. చేతులు పైకెత్తినా దెబ్బలు ఆగకపోతే ఎలా ఉంటుందో మన ఇంట్లో నీకే బాగా తెలుసు. చిన్నపిల్ల, పోనీలే అని నన్ను వెనకేసుకు రాకు. నాన్నను ఒక్కసారీ అడగలేకపోయావు. నన్ను అడుగమ్మా, ఎందుకు కొట్టావని.

ఇట్లు,
నీ పెద్దకూతురు