పేర్లు పీకేసిన అంటుమొక్కలు

సెప్టెంబరు 1986, శుక్రవారం రాత్రి

బోటనీ ప్రాక్టికల్ మార్కులు వచ్చాయి. మా జట్టులో నలుగురికీ ఒకటే మార్కు, బొటాబొటీగా పాసు.

తలా కొన్ని మామిడి అంట్లు కట్టి, ఎవరి మొక్కకి వాళ్ల పేరు చీటీ తగిలించమన్నాడు లెక్చరర్. ఆ చీటీలు పీకేసింది నేనే. శ్రమ ఉమ్మడిది, పేరు పెడితే సొంత ఆస్తి అవుతుందని ఉపన్యాసం కూడా ఇచ్చాను. తీరా చూస్తే సూరిబాబు కట్టినవే చిగురేశాయి. మా ముగ్గురివీ ఎండిపోయాయి. ఏవి ఎవరివని లెక్చరర్ అడిగినప్పుడు సూరిబాబు నోరు తెరవబోయాడు. వాణ్ణి ఆపి, "అన్నీ అందరివీనండీ" అన్నాను.

"అయితే మార్కులూ అందరివీ" అని నవ్వి, సగటు వేసి పారేశాడు. ఆకు చూసి మామిడి రకం చెప్పే మనిషికి, కట్టు చూస్తే ఎవరి చెయ్యో తెలియదా? తెలుసుకోవాలని లేదు, అంతే.

ఈ మార్కుల మీదే సూరిబాబు నర్సరీ ఉద్యోగం ఆధారపడి ఉంది. వాళ్ల నాన్న మా తోటలోనే కాయ కోస్తాడు. సాయంత్రం ఆగిరిపల్లి బస్సు దగ్గర వాణ్ణి పట్టుకుని, "రేపు ధర్నా చేద్దాంరా" అన్నాను.

నన్నెప్పుడూ ఒరేయ్ అనేవాడు, "మీరు చేసుకోండి బాబుగారూ" అన్నాడు. "నా మొక్కలు అందరివీ అన్నారుగా. మరి మీ తోటలో కాయలో?"

"తోట మా నాన్నది, నాది కాదు" అన్నాను.

వాడు బస్సెక్కి వెళ్లిపోయాడు. ఏది ఎవరిదో అప్పుడు మాత్రం ఎంత చప్పున చెప్పేశానో...