గాసి మాట, ధనరాజు నోరు

పెదబయలు,
4 జనవరి 1998

విశాఖపట్నం దుబాసీల గుర్తింపు ఆఫీసు లక్ష్మీప్రసాద్ సార్‌కి, ఆస్పత్రి దుబాసీ ధనరాజు గుండెదడతో పెట్టుకునే నమస్కారాలు.

మార్చి నెలాఖరులోగా మీ గుర్తింపు కార్డు రాకపోతే నన్ను పనిలోంచి తీసేస్తారట. కువి మాట్లాడే రోగుల గోడు డాక్టరుగారికి తెలుగులో చెప్పడం తప్ప నాకు వేరే పని చేతకాదు. అందుకే శిక్షణలో మీరు చెప్పిన రూల్సన్నీ అన్నం తింటూ కూడా వల్లిస్తున్నాను. ఒక్కటే మింగుడుపడటం లేదు. "ఆమె ఇలా అంటోంది" అనకూడదు, ఆమెలాగే "నేను" అనాలి అన్నారు. ఆడవాళ్ల విషయంలో కూడానా సార్? కాస్త సడలించరూ?

మీ దయ కోసం కాచుకున్న
ధనరాజు

తా.క.: మొన్న కొత్త డాక్టరుగారితో "నాకు నెలలు నిండాయి, పొద్దుట్నుంచి నొప్పులు" అన్నాను. ఆయన నా మీసాలకేసి చూసి, పాపం, మంచం చూపించారు.

విశాఖపట్నం,
12 జనవరి

ధనరాజుకి లక్ష్మీప్రసాద్ ఆశీస్సులు.

సడలింపు లేదు. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట వదలకూడదు. "నేను" అంటే "నేను" అనే చెప్పాలి. ఆస్పత్రిలో అయినా, సంతలో అయినా, కోర్టులో అయినా అంతే. ఆస్పత్రి బయట కూడా ఒక పని ఇలాగే చేసి, ఎలా జరిగిందో నాకు రాయి. అదే నీకు పరీక్ష. మీది మొదటి బ్యాచి. మా పైఆఫీసరు రమణిగారు ఒక్కొక్కరి సంగతీ ఆరా తీస్తున్నారు. మీలో ఒక్కడు తప్పినా ముందు నాకు మూడుతుంది. నాయనా, నా పరువు కాపాడు.

ఉంటాను,
లక్ష్మీప్రసాద్

తా.క.: మీసాలు తీసేయాలని రూలు లేదు. తొందరపడకు.

పెదబయలు,
2 ఫిబ్రవరి

సార్‌కి నమస్కారాలు. కొంప మునిగింది.

అరకు వైపు నుంచి గాసి అనే కుర్రాడు వచ్చాడు. వాడికి ఒరియా తప్ప రాదు. ఇక్కడి సంతలో కనక అనే అమ్మాయిని చూసి మనసు పారేసుకున్నాడు. వాళ్ల నాన్న సోంబరుకి కువి తప్ప రాదు. జీలుగు కల్లు కుండ పట్టుకుని పిల్లనడగడానికి గాసి వెళ్తుంటే, నాకు ఒరియా కూడా వచ్చు, పరీక్షకి పనికొస్తుంది కదా అని దుబాసీగా నేను వెళ్లాను. వాడు ఒరియాలో అడిగింది అడిగినట్టు కువిలో చెప్పాను: "మీ గుంట నాకు నచ్చింది. నాకియ్యండి. బాగా సూసుకుంతాను."

సోంబరు నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. సంతోషంగా కల్లు తాగేశాడు. వాళ్ల ఊళ్లో కల్లు తాగితే పిల్లనిచ్చినట్టే, అడిగిన మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో పిల్ల వాళ్లదే. గాసి కుండ మోయడానికి వచ్చాడనుకున్నాడట! నేను దుబాసీనని మొత్తుకుంటే, "మరి నేను, నేను అన్నదెవులు? మీ తాతా?" అన్నాడు. గాసి ఏమో "ఏటి సేత్తన్నావురా నువ్వు? దుబాసీవా, దొంగవా?" అని నా చొక్కా పట్టుకున్నాడు. ఇరవయ్యో తారీకున పెద్దలు కూర్చుంటారు. బేగి ఏదో ఒకటి చెప్పండి సార్.

మీ జవాబు కోసం ఎదురుచూసే
ధనరాజు

తా.క.: కనక నన్ను చూసి నవ్వింది. దీనికి రూలేమైనా ఉందా?

విశాఖపట్నం,
9 ఫిబ్రవరి

ధనరాజూ!

పరీక్ష రాయమంటే పెళ్లి కుదుర్చుకున్నావా? నా రూలు అడ్డం పెట్టుకుని పరాయివాడి సంబంధం ఎగరేసుకుపోతావా? ఎవరి మాట చెబుతున్నామో వాళ్లతో దుబాసీకి చుట్టరికం ఉండకూడదు. మీ ఆస్పత్రి చుట్టూ ఉన్న ఊళ్లవాళ్లంతా ఒకరికొకరు బంధువులే అని శిక్షణలో నువ్వే అన్నావు. కనకని చేసుకుంటే ఇక ప్రతి రోగీ నీ అత్తవారి మనిషే. కార్డు రాదు, పని ఉండదు. కనకో, కార్డో తేల్చుకో. ఇరవయ్యో తారీకున నేనే జీపులో వస్తున్నాను. అందాకా ఎవరి తరఫునా నోరు విప్పకు.

ఇట్లు,
నిద్ర కరువైన లక్ష్మీప్రసాద్

తా.క.: ఎవరైనా నవ్వితే దానికి రూలు లేదు. నువ్వు తిరిగి నవ్వకు.

పెదబయలు,
22 ఫిబ్రవరి

సార్‌కి నమస్కారాలు.

మీ జీపు అనంతగిరి ఘాట్లో చెడిపోతే మీరు వెనక్కి వెళ్లారని తెలిసింది. మీరు చూడకపోవడమే మేలైంది.

పెద్దల ముందు గాసి ఒరియాలో అన్నాడు: "ఆ గుంట నాకే కావాల. ఆ రోజు అడిగింది నేనే." దాన్ని కువిలో చెప్పాల్సింది నేను. రూలు ప్రకారం "నాకే కావాల" అనాలి. అలా అంటే సోంబరు మళ్లీ నా మాటే అనుకుంటాడు. కనక నాదైపోతుంది, రూలూ తప్పినట్టు కాదు. రెండు భాషలూ తెలిసినవాడు అక్కడ ఇంకొకడు లేడు. దాచడం దేనికి సార్, నాకు కనక అంటే ఇష్టం పుట్టేసింది. గాసి మాత్రం నన్నే నమ్ముకుని నా నోటికేసి చూస్తున్నాడు.

రూలు తప్పాను. "ఇది గాసి మాట. ఆ రోజు మాట కూడా గాసిదే, నాది కాదు" అని చెప్పేశాను.

అప్పుడు కనక లేచింది. "గాసి మాట ఇన్నాం. నీ మాటేటి?" అంది.

కార్డు గుర్తొచ్చింది, ఆస్పత్రి గుర్తొచ్చింది, మీరు గుర్తొచ్చారు. అయినా నోరు ఆగలేదు. "నాకు నువ్వు కావాల" అన్నాను. కనక వాళ్ల నాన్న వైపు తిరిగి, "నాకు ధనరాజే కావాల. గాసి వొద్దు" అంది. గాసి ఆత్రంగా నా చెయ్యి పట్టుకుని, "ఏటంది? ఏటంది?" అన్నాడు. ఈసారి రూలు తప్పలేదు సార్. "నాకు ధనరాజే కావాల. గాసి వొద్దు" అని నేనే చెప్పాను.

ఆస్పత్రిలో నా పని ఇక పోయినట్టే. ఏం చేసి బతకాలో తోచడం లేదు. అయినా మీకు ఉన్నదున్నట్టు రాశాను.

క్షమించమని వేడుకునే
ధనరాజు

తా.క.: గాసి కొట్టిన దెబ్బకి పై పెదవి చిట్లింది. డాక్టరుగారు కట్టు కట్టాలని మీసాలు తీసేశారు.

విశాఖపట్నం,
3 మార్చి

చిరంజీవి ధనరాజుకి,

కార్డు ఇందులోనే పెట్టాను, జాగ్రత్త. నీ ఉత్తరం తీసుకుని రమణిగారి దగ్గరికి వెళ్లాను. నా ఉద్యోగం కూడా ఊడిందనుకున్నాను. ఆవిడ రెండుసార్లు చదివి, "తనకి నష్టమని తెలిసీ ఎదుటివాడి మాట వాడికి అప్పజెప్పాడు. ఇంకేం పరీక్ష పెడతారండీ?" అన్నారు. చుట్టరికం సంగతి ఎత్తాను. "ఆ కొండల్లో చుట్టం కాని దుబాసీని తెస్తే వాడికి భాషే రాదు. ముందు ఆ రూలు కొట్టెయ్యండి" అన్నారు. కొట్టేశాను. కనకకీ నీకూ నా ఆశీస్సులు.

నీ శ్రేయోభిలాషి,
లక్ష్మీప్రసాద్

తా.క.: ఇది రమణిగారికి చెప్పకు. పదేళ్లుగా మా ఇంట్లో మా అమ్మకీ మా ఆవిడకీ మధ్య దుబాసీని నేనే. ఇద్దరూ తెలుగే మాట్లాడతారు. అయినా ఒకరన్న మాట రెండో వాళ్లకి అన్నది అన్నట్టు ఒక్కనాడూ చెప్పలేదు. నాకు మాత్రం కార్డు ఇవ్వకూడదు నాయనా.